జ్వరంతో పని మానితే జీతం, ఉద్యోగం రెండూ పోతాయా: ఒక రొయ్యల ప్లాంటు ప్రశ్నకు సమాధానం

మీరు రాసిన సంగతిని నాకు అర్థమైనట్టు ముందుగా ఒకసారి చెబుతాను. మీ అమ్మగారు భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో మేస్త్రి ద్వారా చేరి, కొన్నేళ్లుగా పీలింగ్ సెక్షనులో రోజుకు 450 రూపాయల లెక్కన పని చేస్తున్నారు. 2025 ఆగస్టులో ఆమెకు జ్వరం పట్టుకుంది. మొదటి 5 రోజులు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మందులు వాడారు. తగ్గకపోవడంతో భీమవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చగా, టైఫాయిడ్ అని తేల్చి, 4 రోజులు ఉంచుకుని, ఇంటికి పంపేటప్పుడు మరో 8 రోజులు విశ్రాంతి తీసుకోమని చీటీ రాశారు. ఈ 17 రోజుల తర్వాత ఆమె పనికి వెళితే, పది రోజులు దాటి రాకపోతే పేరు దానంతట అదే పోతుందని మేస్త్రి తిప్పి పంపేశాడు. ఆ రోజులకు రూపాయి కూడా రాలేదు. జీతం చీటీలో మాత్రం నెలనెలా ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత కనిపిస్తోంది. మేస్త్రి కింద పని చేసేవారికి సిక్ లీవు అనేది అసలు ఉంటుందా, ఇన్ని నెలల తర్వాత ఇప్పుడు ఏమైనా చేయగలమా అన్నది మీ ప్రశ్న.

ఉంటుంది, చేయగలరు. ఈ డెల్టాలో మిల్లుల్లోనూ ప్లాంట్లలోనూ సిబ్బంది వ్యవహారాలు చూసే ఉద్యోగం చాలా ఏళ్లు చేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను. మీ అమ్మగారికి జరిగినది కొత్త సంగతి కాదు. జబ్బు పడిన మనిషికి రావలసిన డబ్బు, ఆమె ఉద్యోగం, ఆమె ఖాతాలో ఉన్న సెలవు అనేవి మూడు వేర్వేరు విషయాలు. వాటిని ఒకే ముద్దగా కలిపి “రాలేదు కాబట్టి పోయింది” అని చెప్పేయడం వల్లే ఎక్కువమంది నష్టపోతున్నారు. అందుచేత ఒక్కొక్కటీ విడదీసి చెబుతాను.

ముందు డబ్బు సంగతి. ఈఎస్‌ఐ కోత ఉన్నదంటే ఆమె బీమా ఉన్న ఉద్యోగి. పది మంది, ఆపైన పని చేసే కర్మాగారాల్లో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. 2019 జులై 1 నుంచి ఉద్యోగి వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 26 రోజులు చేస్తే ఆమె వేతనం 11,700 రూపాయలు అవుతుంది కాబట్టి ఆమె నుంచి సుమారు 88 రూపాయలు కోయాలి, యజమాని దాదాపు 380 రూపాయలు తన జేబులోంచి కట్టాలి. తన వాటాను కూలి డబ్బుల్లోంచి పట్టుకునే హక్కు యజమానికి లేదు. అలా పట్టుకుంటున్న మేస్త్రులను నేను చూశాను కాబట్టి జీతం చీటీలో ఈఎస్‌ఐ కింద ఎంత పోతున్నదో ఒకసారి లెక్క చూడండి.

మేస్త్రి మధ్యలో ఉండడం వల్ల ఈ హక్కు ఏమాత్రం తగ్గదు. కాంట్రాక్టరు తెచ్చిన మనిషికైనా చందా కట్టే బాధ్యత ముందుగా ప్లాంటు యాజమాన్యానిదే. కట్టిన తర్వాత దాన్ని కాంట్రాక్టరు బిల్లులో మినహాయించుకోవడం వాళ్లిద్దరి మధ్య లెక్క. ఆమె కూలిలోంచి కోసి, ఈఎస్‌ఐకి కట్టకుండా ఉంచుకుంటే అది నేరపూరిత విశ్వాస ఘాతుకం కిందికి వస్తుంది. యజమాని కట్టకపోవడం వల్ల ఉద్యోగికి ప్రయోజనం రాకుండా పోయే పరిస్థితి ఏర్పడితే, ఈఎస్‌ఐ కార్పొరేషను ఉద్యోగికి చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చని 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 68వ సెక్షను చెబుతోంది. మీ అమ్మగారి ఐపీ నంబరుతో, అంటే ఈఎస్‌ఐ ఇచ్చిన బీమా నంబరుతో, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో చూస్తే ఏ నెలలో ఎన్ని రోజులకు చందా జమ అయిందో కనిపిస్తుంది. అన్నిటికన్నా ముందు ఈ పని చేయండి, ఎందుకంటే తర్వాతి లెక్కంతా దాని మీదే నిలుస్తుంది.

జబ్బు రోజులకు ఈఎస్‌ఐ ఇచ్చే డబ్బును జబ్బు భత్యం అంటారు. దాని లెక్క చాలామందికి తికమకగా ఉంటుంది కానీ, అసలు సూత్రం తేలికైనది. ఏడాదిని రెండు అర్ధభాగాలు చేసి, ఒక అర్ధభాగంలో కట్టిన చందాకు ఫలం కొంత ఎడంగా వచ్చే మరో అర్ధభాగంలో ఇస్తారు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కట్టినదానికి మరుసటి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా కట్టినదానికి ఆ తర్వాతి జులై నుంచి డిసెంబరు వరకు ప్రయోజనం ఉంటుంది. ఆ ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. మీ అమ్మగారు జబ్బు పడింది 2025 ఆగస్టులో కాబట్టి, చూడవలసింది 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి వరకు పడిన రోజులు. ఈ ఒక్క సంగతి తెలియక, జబ్బు పడిన నెలలో చందా ఉందా లేదా అని వెతుక్కుని, లేదని నిరాశపడి వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు.

మన రొయ్యల ప్లాంట్లలో ఈ 78 రోజుల లెక్కకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. చెరువుల్లో పట్టుబడి జోరుగా ఉన్నప్పుడు రెండు షిఫ్టుల పని ఉంటుంది, సరుకు తగ్గినప్పుడు వారానికి రెండు మూడు రోజులే పిలుస్తారు. ఆరు నెలల్లో 78 రోజులంటే సగటున నెలకు 13 రోజులే కాబట్టి, ఏళ్ల తరబడి చేస్తున్నవారికి సాధారణంగా అది నిండుతుంది. అయితే మస్టరులో ఒక పేరుతోనూ ఈఎస్‌ఐలో మరో పేరుతోనూ ఉండడం, లేదా మేస్త్రి మారినప్పుడల్లా కొత్త ఐపీ నంబరు తీయించడం వల్ల రోజులు రెండు ఖాతాల్లో చీలిపోతాయి. ఒక మనిషికి జీవితకాలం ఒకటే ఐపీ నంబరు ఉండాలి. రెండు ఉన్నట్టు తేలితే బ్రాంచి ఆఫీసులో వాటిని కలిపించండి.

అర్హత ఉంటే సగటు రోజు వేతనంలో 70 శాతం జబ్బు భత్యంగా వస్తుంది. వరుసగా వచ్చే రెండు ప్రయోజన కాలాలలో, అంటే ఏడాదిలో, గరిష్ఠంగా 91 రోజులకు ఇస్తారు. మొదటి రెండు రోజులు నిరీక్షణ దినాలు, వాటికి రాదు. కిందటిసారి భత్యం పొందిన జబ్బు ముగిసిన 15 రోజుల్లోపు మళ్లీ పడితే మాత్రం ఆ రెండు రోజులకూ భత్యం వస్తుంది. రోజుకు 450 రూపాయల సగటు మీద 70 శాతమంటే 315 రూపాయలు. మొత్తం 17 రోజులకూ ఆధారం ఒప్పుకుంటే 15 రోజులకు 4,725 రూపాయలు రావాలి. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి లెక్కించిన 12 రోజులకే ఒప్పుకుంటే 10 రోజులకు 3,150 రూపాయలు వస్తాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా అంతా ఆ మొదటి ఐదు రోజులదే, ఆర్‌ఎంపీ దగ్గర గడిచిన రోజులది.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. మన లంక గ్రామాల్లోనూ, కాలువ గట్ల వెంట ఊళ్లలోనూ అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తట్టేది ఆర్‌ఎంపీ ఇంటినే, ఆయన చేసే సాయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆయన రాసి ఇచ్చే కాగితానికి సెలవు విషయంలో విలువ లేదు. వైద్య మండలిలో నమోదైన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న సర్టిఫికెట్టే పనికొస్తుంది. అలాంటి డాక్టరు కూడా తాను ఇచ్చిన సర్టిఫికెట్ల వివరాలు రిజిస్టరులో రాసి ఉంచాలని 2002 నాటి వైద్య వృత్తి నియమాలు చెబుతున్నాయి. తాను చూడని రోజులకు వెనక తేదీ వేసి ఇవ్వడం ఆయనకూ ప్రమాదం, పట్టుబడితే మీ అమ్మగారి నిజమైన జబ్బు మీద కూడా అనుమానం వస్తుంది. అందుకని ఆ ఐదు రోజుల కోసం ఎవరి దగ్గరా కాగితం “చేయించవద్దు”. ఆసుపత్రి కేస్ షీటులో “ఐదు రోజులుగా జ్వరం” అని చేరినప్పుడే రాసి ఉంటే, నిజాయితీగా చూపించగలిగే ఆధారం అదే.

ఈఎస్‌ఐలో మామూలు పద్ధతి ప్రకారం సర్టిఫికెట్టు ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇవ్వాలి. బయట చూపించుకున్నవారి విషయంలో, పరిస్థితులు సమంజసంగా ఉంటే ఇతర సాక్ష్యాన్ని ఆమోదించే వీలు కార్పొరేషనుకు ఉంది. డిశ్చార్జి సమ్మరీ, రక్త పరీక్షల రిపోర్టులు, మందుల బిల్లులు, విశ్రాంతి చీటీ అన్నీ అసలు ప్రతులతో సహా తీసుకుని ముందు డిస్పెన్సరీకి, అక్కడి నుంచి బ్రాంచి ఆఫీసుకు వెళ్లండి. అత్యవసరంగా చేరవలసి వచ్చిందని ఆసుపత్రి రాసి ఇస్తే వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటుకు కూడా దరఖాస్తు పెట్టండి. అది వేరే కాగితం, దీనితో కలపవద్దు. ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి ఆలస్యానికి కారణాన్ని, మేస్త్రి తిప్పి పంపిన సంగతితో సహా, ఒక పేజీలో రాసి జతచేయండి.

ఇక ఉద్యోగం. పది రోజులు రాకపోతే పేరు దానంతట అదే పోతుందన్న మాట మన ప్రాంతంలో ఎంతగా వ్యాపించిందంటే, కూలీలతోపాటు సూపర్‌వైజర్లు కూడా అది చట్టమేననుకుంటారు. స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే కంపెనీ ఉద్యోగ నియమాల్లో, అలాంటి వాక్యం ఉన్న కంపెనీలు ఉన్నాయి. అయితే డి.కె. యాదవ్ వర్సెస్ జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చింది. అక్కడ యాజమాన్యం ఎనిమిది రోజులకు మించి రాలేదని స్టాండింగ్ ఆర్డరు చూపించి కార్మికుడి పేరు తీసేసింది. తాను వస్తూనే ఉన్నానని, గేటు దగ్గరే ఆపేశారని కార్మికుడు చెప్పాడు. సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా అలా తీసేయడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధమని, జీవనోపాధి జీవించే హక్కులో భాగమని చెప్పి, సగం బకాయి వేతనంతో అతణ్ని తిరిగి తీసుకోవాలని కోర్టు ఆదేశించింది. మీ అమ్మగారికి కాగితం మీద నోటీసు రాలేదు, సంజాయిషీ అడగలేదు, విచారణ లేదు, గేటు దగ్గర నోటిమాటతో పంపేశారు. పోలిక స్పష్టంగానే ఉంది.

కృష్ణకాంత్ బి. పర్మార్ అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కేసులో 2012లో సుప్రీంకోర్టు మరో మెట్టు పైకి వెళ్లి, అనుమతి లేకుండా రాకపోవడం ప్రతిసారీ ఉద్దేశపూర్వకం కాదని, జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం వంటి మనిషి చేతిలో లేని కారణాలు ఉండవచ్చని, కావాలనే మానేశారని రుజువు కానప్పుడు దాన్ని దుష్ప్రవర్తన అనలేమని చెప్పింది. దీనికి తోడు, జబ్బు భత్యం పొందుతున్న కాలంలోనూ, జబ్బుకు చికిత్సలో ఉన్న కాలంలోనూ ఉద్యోగిని తీసేయడం, స్థాయి తగ్గించడం, శిక్షించడం కూడదని ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షను నిషేధించింది. ఆ కాలంలో ఇచ్చిన నోటీసు చెల్లదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, పాత సెక్షన్లు ఎందుకు చెబుతున్నారని ఎవరైనా అడగవచ్చు. ఈఎస్‌ఐ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లోనూ, ఫ్యాక్టరీల చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ కలిసిన మాట నిజమే. మీ అమ్మగారి జబ్బు, తొలగింపు రెండూ ఆగస్టులోనే జరిగాయి కాబట్టి అప్పటి చట్టమే ఆమెకు వర్తిస్తుంది. ఆ తేదీ తర్వాత జబ్బు పడినవారు కొత్త కోడ్ పేరుతో అడగాలి. కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత నియమాలు కొంతకాలం కొనసాగుతాయి. చట్టం పేరు మారిందని చెప్పి భత్యం లేదనే మాట ఎవరన్నా నమ్మవద్దు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది, ప్లాంటు యాజమాన్యం కూడా చదవాలని కొంత వివరంగా రాస్తున్నాను. మీ అమ్మగారికి వచ్చింది మామూలు ఒళ్లునొప్పులు కాదు, టైఫాయిడ్. అది ఒకరి మలం నుంచి నీటి ద్వారా, తిండి ద్వారా, సరిగా కడుక్కోని చేతుల ద్వారా మరొకరికి పాకే జబ్బు. ఆమె పని చేసేది తినే సరుకును చేత్తో తాకే చోట. ఆహార వ్యాపారాలకు లైసెన్సు ఇచ్చే 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల 4వ షెడ్యూలు ప్రకారం, అంటువ్యాధి ఉన్న మనిషిని ఆహారం తాకే పనిలో ఉంచకూడదు, ఆహారం తాకే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ వంటి పేగు జబ్బులకు టీకా వేయించాలి. ఇవన్నీ యాజమాన్యం చేయవలసిన పనులు. అంటే ఆ 17 రోజులూ ఆమె పనికి రాకపోవడం తప్పు కాదు సరికదా, ఆమె వచ్చి ఉంటే ప్లాంటు నిబంధన ఉల్లంఘించినట్టయ్యేది. జ్వరం దాచిపెట్టి పారాసిటమాల్ వేసుకుని షిఫ్టులోకి వచ్చినవారికి హాజరు బోనసు ఇచ్చి, నిజం చెప్పి ఇంట్లో ఉన్నవారి పేరు కొట్టేసే పద్ధతి ఉన్న చోట, ఎగుమతికి పోయే సరుకు శుభ్రత మీద ఎంత ఖర్చు పెట్టినా దానికి అర్థం లేదు. వారమంతా వచ్చినవారికే ఇచ్చే హాజరు బోనసు లెక్కలోంచి డాక్టరు ధ్రువీకరించిన జబ్బు రోజులను మినహాయించడం యాజమాన్యానికి పెద్ద భారం కాదు. ఆ ఒక్క మార్పుతో జ్వరాన్ని దాచుకోవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

టైఫాయిడ్ గురించి మీ ఇంటి వరకు ఒక మాట. జ్వరం తగ్గిన తర్వాత కూడా కొందరి మలంలో ఆ క్రిములు కొన్ని వారాలపాటు పోతూనే ఉంటాయి. కాబట్టి తిరిగి చేరే ముందు, తినే సరుకు తాకే పనికి ఆమె తగునని డాక్టరు చేత ప్రత్యేకంగా రాయించుకోండి. అవసరమనుకుంటే ఆయన మల పరీక్ష చేయిస్తారు. ఈ కాగితం ఉంటే “జబ్బు మనిషిని ఎలా పెట్టుకుంటాం” అనే కొత్త సాకుకు అవకాశం ఉండదు.

మూడోది సెలవు. కర్మాగారాల్లో సిక్ లీవు అని విడిగా ఫ్యాక్టరీల చట్టంలో లేదు. పని చేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వేతనంతో కూడిన వార్షిక సెలవు మాత్రం ఉంది. పాత చట్టం ప్రకారం అంతకుముందు ఏడాది 240 రోజులు పని చేసి ఉండాలి, కొత్త కోడ్ దాన్ని 180 రోజులకు తగ్గించింది. రొయ్యల ప్లాంట్లలో రోజులు తెగిపోతుంటాయి కాబట్టి ఈ తగ్గింపు మన ప్రాంతంలో ఎంతోమందికి మేలు చేస్తుంది. వార్షిక సెలవుకు మామూలుగా 15 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి గాని, జబ్బు కోసం వాడుకునేటప్పుడు ఆ గడువు అడ్డం కాదని పాత చట్టం 79వ సెక్షనులోనే ఉంది. అయితే ఒకే రోజుకు పూర్తి వేతనంతో సెలవు, ఈఎస్‌ఐ భత్యం రెండూ రావు. మీ అమ్మగారికి సెలవు నిల్వ ఉంటే, ఈఎస్‌ఐ ఒప్పుకోని ఆ మొదటి ఐదు రోజులకు, నిరీక్షణ దినాలకు దాన్ని అడగండి, మిగిలిన రోజులకు భత్యం తీసుకోండి. ఎక్కడ ఏది వాడితే లాభమో ఇలా చూసుకోవడంలో తప్పేమీ లేదు.

మీ ప్రశ్న చదివి తమ సంగతి ఏమిటని ఆలోచించేవారికోసం కొంత చెబుతాను. పాలకొల్లు బట్టల కొట్లోనో, అమలాపురం మందుల షాపులోనో, తణుకులో ఒక ప్రైవేటు ఆఫీసులోనో పని చేసేవారికి 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తుంది. ఇది రాష్ట్ర చట్టం కాబట్టి కేంద్ర కోడ్‌లు వచ్చినా అలాగే ఉంది. దాని ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు జబ్బుకు, ప్రమాదానికి వేతనంతో సెలవు, మరో 12 రోజుల వరకు క్యాజువల్ సెలవు, 240 రోజులు పని చేసినవారికి 15 రోజుల వార్షిక సెలవు ఉన్నాయి. ఈ 12 రోజుల జబ్బు సెలవు గురించి తెలిసిన కొట్టు యజమానులే తక్కువ, అడిగే గుమాస్తాలు ఇంకా తక్కువ. చక్కెర మిల్లుల వంటి రుతుకాల ఫ్యాక్టరీలకు ఈఎస్‌ఐ వర్తించదు. పది మంది కంటే తక్కువ ఉన్న చిన్న మిల్లులకూ అంతే. అక్కడివారు తమ వేతన ఒప్పందాన్ని, కర్మాగారంగా నమోదై ఉంటే వార్షిక సెలవును పట్టుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: సర్వీసు నిండిన ప్రతి ఏడాదికి 20 రోజుల అర్ధ వేతన సెలవు, వైద్య ధ్రువపత్రం మీద దాన్ని పూర్తి వేతనంగా మార్చుకునే కమ్యూటెడ్ సెలవు సర్వీసు మొత్తంలో 240 రోజుల వరకు.

క్షయ, క్యాన్సర్, పక్షవాతం వంటి దీర్ఘకాలపు జబ్బులకు ఈఎస్‌ఐలో 91 రోజులతో ఆగిపోదు. నిర్ణీత జాబితాలోని 34 జబ్బులకు, రెండేళ్ల నిరంతర బీమా ఉద్యోగం, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో కనీసం 156 రోజుల చందా ఉన్నవారికి 80 శాతం వేతనం చొప్పున రెండేళ్ల వరకు ఇస్తారు. క్షయ వచ్చిందని చెబితే ఉద్యోగం పోతుందని దాచుకుంటున్న స్త్రీలు మన ప్లాంట్లలో ఉన్నారు; వారికి ఈ సంగతి ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలని నా కోరిక. గర్భం వల్ల, కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యానికి 26 వారాల ప్రసూతి సెలవుకు అదనంగా మరో నెల ఉంది. గర్భస్రావమైతే ఆరు వారాలు. పనిలో చెయ్యి కోసుకున్నా, ఐసు మీద జారిపడినా, ఊరి నుంచి ప్లాంటుకు వస్తూ పోతూ ప్రమాదం జరిగినా అది జబ్బు లెక్కలోకి రాదు. దానికి తాత్కాలిక వైకల్య భత్యం 90 శాతం వేతనం, చందా రోజుల షరతు లేకుండా వస్తుంది. ప్రమాదాన్ని “జ్వరం” అని రాయించే మేస్త్రి మాట వింటే 90 శాతం రావలసిన చోట 70 శాతమే మిగులుతుంది. ప్రమాదం జరిగిన రోజునే ప్రమాదాల పుస్తకంలో రాయించండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. ప్లాంటు మేనేజరు పేరు మీద, మేస్త్రి పేరు మీద ఒకే ఉత్తరం రెండు ప్రతులుగా రాయండి. మీ అమ్మగారి మాటగా ఇలా ఉంటే చాలు: “నేను మీ ప్లాంటు పీలింగ్ సెక్షనులో పని చేస్తున్నాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు టైఫాయిడ్ జ్వరంతో చికిత్స పొందుతూ రాలేకపోయాను. డిశ్చార్జి సమ్మరీ, విశ్రాంతి చీటీ నకళ్లు జతచేస్తున్నాను. ఫలానా తేదీన పనికి హాజరైనప్పుడు నోటీసు గాని, విచారణ గాని లేకుండా నన్ను తిప్పి పంపారు. నేను ఉద్యోగం మానుకోలేదు. పనికి తగునని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రంతో వెంటనే చేరడానికి సిద్ధంగా ఉన్నాను. నన్ను తిరిగి పనిలోకి తీసుకుని, నా ఖాతాలో ఉన్న సెలవు వివరాలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.” ఇందులో “నేను ఉద్యోగం మానుకోలేదు” అనే వాక్యాన్ని వదలవద్దు, ఎందుకంటే రేపు యాజమాన్యం చెప్పబోయే మొదటి మాట ఆమె తనంతట తానే మానేసిందని. ఎవరినీ నిందించే మాటలు, బెదిరింపులు రాయవద్దు. ఆమె వేలిముద్ర వేసేవారైతే, చదివి వినిపించిన మనిషి సంతకం పక్కన పెట్టించండి.

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రెండు వారాల్లో జవాబు రాకపోయినా, పనిలోకి రానివ్వకపోయినా, దాని నకలు, జీతం చీటీలు, ఐపీ నంబరు, ఉమంగ్‌లో కనిపించిన చందా వివరాల ప్రింటు, ఆసుపత్రి కాగితాలు తీసుకుని మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గర ఫిర్యాదు ఇవ్వండి; తొలగింపు వివాదాన్ని రాజీ ప్రయత్నానికి పెట్టమని, కుదరకపోతే లేబర్ కోర్టు దారి చూపమని అందులో కోరండి. గడువులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయవద్దు. భత్యం పని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో, ఉద్యోగం పని కార్మిక శాఖలో విడివిడిగా ఒకేసారి నడవాలి. ఒకటి తేలాక రెండోది చూద్దామని ఆగవద్దు. మేస్త్రి ఈలోగా వచ్చి, కొంత డబ్బు ఇచ్చి తెల్ల కాగితం మీదనో, లెక్క తేలిపోయిందన్న కాగితం మీదనో సంతకం అడిగితే, అది చదివి నకలు చేతికి వచ్చేదాకా మీ అమ్మగారిని వేలు వేయనివ్వకండి.